పెస్టో నల్లబడకుండా, చేదెక్కకుండా

పాస్తాలో కలిపే ఇటాలియన్ ఆకు పచ్చడి పెస్టో చేయబోతే, మీరు చెప్పినదాన్ని బట్టి జరిగింది ఇదీ. బెంగళూరు కేఆర్ మార్కెట్ పూల వరసలో కామకస్తూరి కట్ట కొన్నారు. కడిగి, తడి ఆరకముందే మిక్సీలో వేశారు. పైన్ నట్స్ దొరక్క వేయించిన వాల్‌నట్స్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె వేశారు. జార్ తిరగట్లేదని పావు గ్లాసు నీళ్ళు పోసి రెండు నిమిషాలు తిప్పారు. గంటలో పెస్టో మట్టిరంగుకి తిరిగింది, తింటే నాలుక మీద చేదు నిలిచింది. తప్పు ఆకుదా, నూనెదా, మిక్సీదా అని అడిగారు.

మూడింటిదీ ఉంది. అయితే పెద్ద వాటా ఆ పావు గ్లాసు నీళ్ళదీ, ఆ రెండు నిమిషాలదీ.

ఇటాలియన్‌లో పెస్టారే అంటే దంచడం, నూరడం. పెస్టో అన్న పేరు అందులోంచే వచ్చింది. ఇటలీలోని జెనోవా ఊరివాళ్ళ రోటి పచ్చడి అనుకోండి. అక్కడే మనవాళ్ళు పొరబడేది కూడా. పచ్చడి అనగానే మన చేతికి కొన్ని అలవాట్లున్నాయి: పప్పులు ఎర్రగా వేయించడం, కాస్త నీళ్ళు చిలకరించడం, మిక్సీని మెత్తగా అయ్యేదాకా వదిలేయడం, చివర్లో వేడి పోపు. గోంగూరకి, దోసకాయకి ఇవన్నీ సరిపోతాయి. పెస్టోకి మాత్రం ఒక్కటీ పనికిరాదు. ఇది మొదటినుంచి చివరిదాకా చల్లగా, పొడిగా, త్వరగా అవ్వాల్సిన పచ్చడి.

ముందు ఆకు సంగతి. కామకస్తూరి, మన రుద్రజడ, తమిళుల తిరునీట్రుపచ్చిలై, ఇటాలియన్ బేసిల్ అన్నీ ఒకే జాతి, ఆసిమమ్ బేసిలికమ్. సబ్జా గింజలు కూడా ఈ జాతి మొక్కవే. జాతి ఒకటైనా వాసన ఒకటి కాదు. పూలమాలల్లో దవనం, మరువం పక్కన కట్టే రకానికి ఆకు చిన్నది, కొస వాడి, కాడ తరచుగా ఊదా రంగు, వాసనలో సోంపు ఎక్కువ. జెనోవా రకానికి ఆకు లేత పచ్చ, నున్నగా, బోర్లించిన చెంచాలా ఉబ్బి ఉంటుంది, కాడ కూడా పచ్చగానే. కొనేముందు ఒక ఆకు వేళ్ళ మధ్య నలిపి చూడండి. తియ్యటి వాసనలో లవంగం ఛాయ తగిలితే పెస్టోకి పనికొస్తుంది. సోంపు గుప్పున కొడితే అది థాయ్ కూరలకి బాగుంటుంది, కర్పూరం వాసన వస్తే దేనికీ వద్దు. సూపర్ మార్కెట్లలో చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో 'ఇటాలియన్ బేసిల్' పేరుతో దొరికేది చాలావరకు సరైన రకమే. రసెల్ మార్కెట్లో కూడా పుదీనా, సెలరీ అమ్మేవాళ్ళని అడిగి చూడండి.

తులసి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అది వేరే జాతి. యూజినాల్ అనే నూనె ఎక్కువ కాబట్టి లవంగం నమిలినట్టు ఘాటు, ఆకులో పీచు కూడా. పైగా కోటలో పూజ చేసే మొక్కని రోట్లో వేసి నూరమంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు.

రకం ఎంత ముఖ్యమో లేతదనం అంత ముఖ్యం. జెనోవాలోని ప్రా ప్రాంతంలో బేసిల్‌ని గాజు ఇళ్ళలో పెంచి, రెండు నుంచి నాలుగు జతల ఆకులు రాగానే వేళ్ళతో సహా పీకి కట్టలు కడతారు. అందుకే అక్కడి పెస్టోలో పుదీనా వాసన రాదు. మొక్క ముదిరి పూత వేస్తే ఆకు గట్టిపడి చేదెక్కుతుంది. మార్కెట్ కట్టలో పూల గుత్తులు కనిపించాయంటే ఆ కట్ట వదిలేయండి. అప్పటికే తెచ్చుంటే పైనున్న లేత ఆకులు మాత్రం ఏరి, మిగతావి టమాటా సాస్‌లో వేసేయండి.

తెచ్చిన కట్టని ఫ్రిజ్‌లో పెట్టకండి. బేసిల్‌కి చలి పడదు, 10 డిగ్రీల కింద ఆకు మీద నల్లటి మచ్చలు పడతాయి. ఫ్రిజ్ లోపల సుమారు 4 డిగ్రీలుంటుంది. కాడల కొసలు కత్తిరించి, గులాబీలు పెట్టినట్టు గ్లాసు నీళ్ళలో నిలబెట్టి వంటింటి గట్టు మీద ఉంచండి. రోజూ నీళ్ళు మారిస్తే బెంగళూరు వాతావరణంలో నాలుగు రోజులు తేలిగ్గా ఉంటుంది.

నలుగురికి సరిపడా కొలతలు చెప్తాను, వీలైతే తూకం వేసుకోండి. గుప్పెడు, కట్ట అన్న లెక్కలతోనే పెస్టో సగం పాడవుతుంది. కాడలు తీసిన ఆకు 60 గ్రాములు. అంటే కాడలతో కలిపి 100 నుంచి 120 గ్రాముల కట్ట కావాలి. పైన్ నట్స్ లేదా జీడిపప్పు 30 గ్రాములు. పార్మిజాన్ చీజ్ 50 గ్రాములు, గొర్రె పాలతో చేసే పెకోరినో చీజ్ 20 గ్రాములు. పెకోరినో దొరక్కపోతే పార్మిజానే 70. వెల్లుల్లి ఒక చిన్న రెబ్బ. ఆలివ్ నూనె 70 మిల్లీలీటర్లు. కళ్ళుప్పు అర టీ స్పూను, చీజ్‌లోనే ఉప్పుంటుంది కాబట్టి ఇంకా కావాలంటే చివర్లో. ఇదంతా కలిపి 200 గ్రాములు దాటుతుంది, మనిషికి 50 గ్రాముల లెక్క.

వెల్లుల్లి గురించి ఒక మాట. మన నాటు వెల్లుల్లి చాలా ఘాటు. జెనోవా ఉన్న లిగూరియా ప్రాంతంలో పెస్టోకి వాడే వెస్సాలికో వెల్లుల్లి మెత్తటిది, అందుకే అక్కడి కొలతల్లో రెండు రెబ్బలు రాసినా మనకి ఒకటే చాలు. రెబ్బని నిలువుగా చీల్చి లోపలి పచ్చ మొలక తీసేయండి. మీరు వేసిన నాలుగు రెబ్బల చేదు, మంట కూడా ఆ రుచిలో కలిసే ఉంటాయి. నూరిన వెల్లుల్లి నిలవున్నకొద్దీ పదునెక్కుతుంది, కాబట్టి ఇవాళ సరిగ్గా ఉందనిపించింది రేపటికి ఎక్కువవుతుంది.

పైన్ నట్స్ బదులు జీడిపప్పు వేస్తే తప్పేమీ లేదు. ఇటలీ నుంచి వచ్చే సీసా పెస్టోల వెనక చీటీ చదవండి, చాలావాటిలో జీడిపప్పే ఉంటుంది. మనకి హిమాచల్‌లోని కిన్నౌర్ వైపు నుంచి వచ్చే చిల్గోజా కూడా పైన్ గింజే. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, రుచి దగ్గరే, ధర మాత్రం బంగారం. జీడిపప్పు పచ్చిదే వాడండి, లేదా సన్నసెగ మీద రెండు నిమిషాలు, రంగు మారకముందే దించేయండి. పూర్తిగా చల్లారాకే ఆకుతో కలపాలి. వాల్‌నట్ పైపొరలో టానిన్లనే వగరు పదార్థాలు ఉంటాయి, చేదుకి అదొక కారణం. వాల్‌నట్టే కావాలంటే వేడినీళ్ళలో అయిదు నిమిషాలు నానబెట్టి, పొర వొలిచి, తుడిచి ఆరబెట్టండి. అంత ఓపిక లేకపోతే జీడిపప్పే మేలు. వేరుశనగ వేస్తే అది పల్లీ పచ్చడే అవుతుంది, బేసిల్ దాని వెనక దాక్కుంటుంది.

చీజ్ విషయంలో శాకాహారులు ఒకటి తెలుసుకోవాలి. అసలు పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. అది వేరే రకంగా చెయ్యడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. ఇంట్లో పట్టింపుంటే ఆకుపచ్చ చుక్క, 'మైక్రోబియల్ రెన్నెట్' అని రాసున్న పార్మిజాన్ తరహా చీజ్ కొనండి. గడ్డ కొని అప్పటికప్పుడు సన్నగా తురుముకోండి. డబ్బాలో పొడిగా అమ్మేదాంట్లో ఉండలు కట్టకుండా సెల్యులోజో, పిండో కలిపి ఉంటుంది, పెస్టో ఇసకలా తగులుతుంది. ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు అసలు వద్దు. అవి వేడి పాస్తా మీద బంకలా ముద్దకడతాయి.

ఇక నూనె. మీ చేదులో సగం కథ ఇక్కడే ఉంది. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెకి గొంతులో కాస్త మంట, చేదు ఇచ్చేవి పాలీఫినాల్స్. మామూలుగా నూనెలో ఉన్నంతసేపు అవి పెద్దగా బయటపడవు. మిక్సీ బ్లేడు నూనెని పొగమంచంత చిన్న బిందువులుగా చిదిమి, పక్కన నీళ్ళు కూడా ఉంటే, అవి నీళ్ళలోకి వచ్చి నాలుకకి నేరుగా తగులుతాయి. మీరు నీళ్ళు పోసి రెండు నిమిషాలు తిప్పారు, అంటే చేదు బయటికి రావడానికి దారి మీరే వేశారు. నమ్మకం కుదరకపోతే అదే సీసాలోంచి ఒక చెంచా నూనె విడిగా నాలుక మీద వేసుకుని చూడండి. అలా తాగితే బాగుండి పెస్టోలో చేదొచ్చిందంటే తప్పు నూనెది కాదు, తిప్పిన పద్ధతిది. విడిగానే చేదుగా, గొంతు పట్టేలా ఉంటే మెత్తటి రుచి ఉన్న ఇంకో సీసా చూసుకోండి. సలాడ్‌కి ఘాటు నూనె గొప్పే, పెస్టోకి కాదు. మెత్తటిది దొరక్కపోతే సగం ఎక్స్‌ట్రా వర్జిన్, సగం పొద్దుతిరుగుడు నూనె కలపడం శాస్త్రం కాదు గానీ, చేదు పెస్టోకన్నా వెయ్యి రెట్లు నయం. గానుగ నువ్వుల నూనె, వేరుశనగ నూనె వాటి వాసనతో అన్నిటినీ మింగేస్తాయి.

నల్లబడటానికి కారణం వేరు. ఆకు నలిగినప్పుడు కణాలు పగిలి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పనిచేస్తుంది. కోసిన వంకాయ, ఆపిల్ నల్లబడేది కూడా ఇలాగే. బ్లేడు రాపిడికి పుట్టే వెచ్చదనం ఈ పనిని ఇంకా త్వరపెడుతుంది, లోపలికి చిలికిన గాలి ఆక్సిజన్ అందిస్తుంది. నూనె పూత పట్టిన ఆకుకి గాలి తగలదు, నీళ్ళలో నానిన ఆకుకి ఆ రక్షణ ఉండదు. అందుకే తడి ఆరడం అన్నిటికన్నా ముందు. ఆకుల్ని చల్లటి నీళ్ళలో ముంచి తీయండి, చేత్తో పిండకండి. పాత నూలు బట్ట మీద పరిచి ఫ్యాను కింద అరగంట ఉంచండి. వాన రోజుల్లో గంట పడుతుంది. ఆకు వెనక వేలితో తాకితే తడి తగలకూడదు. ఆరబెట్టే తొందరలో బట్టలో చుట్టి రుద్దితే అక్కడే నలిగి నల్లచారలు పడతాయి, తర్వాత ఏం చేసినా పోవు.

నల్లబడకుండా నిమ్మరసం పిండమని చాలాచోట్ల రాస్తారు. ఆ ఎంజైమ్‌ని పులుపు కొంత ఆపుతుంది, నిజమే. కానీ అదే పులుపు ఆకులోని క్లోరోఫిల్‌ని కూడా మారుస్తుంది. చింతపండు పడ్డ ఆకుకూర ఎలా పాలిపోతుందో ఇదీ అలాగే ఆలివ్ గోధుమ రంగుకి దిగుతుంది. జెనోవా పెస్టోలో నిమ్మ ఉండదు. ఇష్టమైతే తినేటప్పుడు పళ్ళెంలో పిండుకోండి.

ఇప్పుడు నూరడం. రోలుంటే రోలే. మీ రోట్లో ఇన్నాళ్ళూ ఎండుమిర్చి, చింతపండు నూరి ఉంటే ముందు గుప్పెడు బియ్యం వేసి నూరి పారేయండి, అలా రెండుసార్లు. రాయి పీల్చుకున్న కారం లేకపోతే పెస్టోలో దిగుతుంది. జెనోవాలో పాలరాతి రోలు, చెక్క బండ వాడతారు. మన నల్లరాయి కొంచెం గరుకు, నష్టం లేదు, కాకపోతే చెక్క పచ్చడిబండ వాడితే ఆకు మెల్లగా నలుగుతుంది. రోలు కింద తడిబట్ట మడిచి వేయండి.

వెల్లుల్లి రెబ్బ, నాలుగు కళ్ళుప్పు రవ్వలు ముందు వేసి గుజ్జు చేయండి. తర్వాత జీడిపప్పు వేసి వెన్నలా అయ్యేదాకా నూరండి. ఇక ఆకు, ఒక్కో గుప్పెడు, మీద ఇంకో చిటికెడు కళ్ళుప్పు. మెత్తటి ఉప్పు ఇక్కడ పనికిరాదు, ఆకుని చీల్చేది ఆ కళ్ళుప్పు రవ్వల కోరే. పైనుంచి దబదబా దంచకండి. ఆకుని రోటి గోడకి ఆనించి, బండని తిప్పుతూ రుద్దండి. అక్కడివాళ్ళు కుడిచేత్తో బండని ఒకవైపు, ఎడంచేత్తో రోలుని ఎదురువైపు తిప్పుతారు. మన బరువు రోలు అలా తిరగదు, బండ ఒక్కటి తిప్పినా చాలు. మొదట కరకరమంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఆ చప్పుడు తగ్గి, ఆకులోంచి పచ్చటి రసం ఊరి రోటి గోడ మీద మెరుస్తుంది, ఘాటు వాసన పైకి కొడుతుంది. అప్పుడు తర్వాతి గుప్పెడు. ఆకంతా అయ్యాక చీజ్ తురుము వేసి రెండు తిప్పులు, చివర్లో నూనె సన్నధారగా పోస్తూ గరిటెతో కలపండి. మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు. ఆకు ముక్కలు అక్కడక్కడ కనపడాలి. ఫేస్ ప్యాక్ ముద్దలా నున్నగా అయిందంటే ఎక్కువైంది.

మిక్సీ అయితే పెద్ద జార్ వద్దు, చిన్న చట్నీ జార్ తీసుకోండి. పెద్ద జార్లో 60 గ్రాముల ఆకు గోడలకి అతుక్కుని బ్లేడు కింద ఏమీ ఉండదు, అక్కడే చెయ్యి నీళ్ళ గ్లాసు మీదకి పోతుంది. జార్, నూనె రెండూ అరగంట ఫ్రీజర్లో ఉంచండి. నూనె కాస్త గడ్డకట్టినట్టయినా పర్వాలేదు. మొదట జీడిపప్పు, వెల్లుల్లి, ఉప్పు పొడిగా తిప్పండి. తర్వాత సగం నూనె, మూడోవంతు ఆకు. నాబ్‌ని ఎడమవైపు పల్స్‌కి తిప్పి ఒక్క సెకను, వదిలేయండి. మళ్ళీ ఒక్క సెకను. నాలుగుసార్లు అయ్యాక మూత తీసి, చెంచా వెనకభాగంతో గోడల మీది ఆకుని కిందకి నెట్టి, ఇంకో మూడోవంతు. ఇలా మొత్తం బ్లేడు తిరిగే సమయం ఇరవై సెకన్లు దాటకూడదు. జార్ అడుగు చేత్తో తాకి చూడండి, వెచ్చగా తగిలిందా, ఆపి ఫ్రిజ్‌లో పది నిమిషాలు. తిరగకపోతే ఇంకో చెంచా నూనె, నీళ్ళు కాదు. చీజ్, మిగిలిన నూనె మిక్సీలో వేయకండి, గిన్నెలోకి తీసి చెంచాతో కలపండి. చివర కలిపిన ఆ నూనె బ్లేడు కిందకి రాలేదు కాబట్టి చేదెక్కదు.

విందుకి రేపటిదాకా ముదురు పచ్చగా కనబడాలంటే ఒక దారుంది. ఆకుని మరిగే నీళ్ళలో అయిదు నుంచి పది సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్ళలో వేసి, గట్టిగా పిండి ఆరబెట్టి వాడతారు. ఎంజైమ్ చచ్చిపోతుంది, రంగు నిలుస్తుంది. కానీ సువాసన కొంత ఆ నీళ్ళతో పోతుంది. రుచి తెలిసినవాళ్ళు వస్తున్నారంటే ఇది చేయకండి, ఫోటోలు తీసేవాళ్ళు వస్తున్నారంటే చేయండి.

పాస్తాలో కలిపేటప్పుడు మరో తప్పు జరుగుతుంది: బాణలిలో పెస్టో వేసి వేడిచేయడం. చేయకండి, ఆకు ఉడికి వాసన పోతుంది, చీజ్ ముద్దలవుతుంది. నలుగురికి 350 గ్రాముల పాస్తా, లీటరు నీటికి 8 గ్రాముల ఉప్పు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం కలపండి. పెస్టోని వెడల్పు గిన్నెలో ఉంచి, పాస్తా ఉడికిన నీళ్ళు రెండు మూడు చెంచాలు వేసి పలచన చేయండి. నీళ్ళు వేసే చోటు ఇదొక్కటే. వార్చిన పాస్తా వేసి, స్టవ్ మీద కాకుండా ఆ గిన్నెలోనే కలపండి. లిగూరియాలో ట్రెనెట్టే అనే పొడుగు పాస్తాతో బాటు అదే నీళ్ళలో బంగాళాదుంప ముక్కలు, బీన్స్ ఉడికించి కలుపుతారు. దుంప ముక్కలు అంగుళంలో సగం, పాస్తాకి నాలుగైదు నిమిషాలు ముందు వేయండి. కాస్త చేదెక్కిన పెస్టోని కాపాడటానికి ఇదే మంచి ఉపాయం, దుంప పిండి ఆ చేదుని కప్పేస్తుంది. మీ దగ్గర మిగిలినదానికి ఇంకో 20 గ్రాముల జీడిపప్పు ముద్ద, 20 గ్రాముల చీజ్ కలిపి ఇలా వాడి చూడండి.

నిలవ విషయంలో జాగ్రత్త. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి, పచ్చి ఆకు, గాలి తగలని చోటు, పులుపు లేదు: బాటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషాన్ని కలిగించే బ్యాక్టీరియాకి ఇలాంటి చోటే కావాలి. ఆవకాయ ఏడాదంతా బయట ఉంటుంది కదా అనకండి, అందులో ఉప్పు, పులుపు వేరే లెక్క. పెస్టోని గట్టు మీద వదలొద్దు. గాజు సీసాలో నొక్కి, పైన అర సెంటీమీటరు నూనె పోసి ఫ్రిజ్‌లో మూడు రోజులు, అంతే. పైన నూనె తెల్లగా గడ్డకడితే కంగారుపడకండి, ఆలివ్ నూనె స్వభావమే అది. ఎక్కువ చేస్తే చీజ్, వెల్లుల్లి లేకుండా ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కల్ని జిప్ సంచిలోకి మార్చండి. మూడు నెలలదాకా బాగుంటుంది. వాడే రోజు ముక్కని ముందు ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, అప్పుడు చీజ్, వెల్లుల్లి కలపాలి. కరెంటు పోయి కరిగినవాటిని మళ్ళీ గడ్డకట్టించకండి.

బాల్కనీలో అయిదారు గంటల ఎండ వస్తే ఆకు కొనడం మానేయొచ్చు. సబ్జా గింజలు చల్లినా మొలుస్తాయి గానీ ఏ వాసన వస్తుందో చెప్పలేం, జెనోవా రకం అని రాసున్న విత్తనాల పొట్లమే కొనండి. పది అంగుళాల కుండీలో అర సెంటీమీటరు లోతున వేస్తే వారంలో మొలకలు వస్తాయి. మూడు జతల ఆకులు రాగానే రెండో జత పైన తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది. మొగ్గ కనపడిన రోజే గిల్లేయాలి. వానాకాలంలో ఆకు పైన పసుపు మచ్చలు, కింద బూడిదరంగు నూగు కనిపిస్తే అది బూజు తెగులు, ఆ మొక్కని తీసేయండి. నీళ్ళు పొద్దున్నే, ఆకు తడవకుండా మట్టికి మాత్రం పోయండి. ఒక కోతకి 60 గ్రాముల ఆకు రావాలంటే అయిదారు మొక్కలైనా కావాలి, కాబట్టి రెండు వారాలకోసారి కొత్త కుండీలో గింజలు వేస్తూ ఉండండి.